నోరు విప్పుట నేరమా?

పొట్టకూటికై యొకరి కొలువున చేరినవాడు తన కష్టమును అమ్ముకొనునే గాని తన మానమును అమ్ముకొనడు. ఈ చిన్న మాట మన దేశమున ఇంకను పలువురు యజమానులకును, అధికారులకును తలకెక్కినట్లు కానరాదు. జీతమిచ్చుచున్నాము గనుక ఏమాటయైనను అనవచ్చుననియు, ఎదురుచెప్పినవారిని ఏ మూలకైనను త్రోయవచ్చుననియు తలచువారు కచేరీలలోను, కార్ఖానాలలోను, పాఠశాలలలోను, ఆసుపత్రులలోను నేటికిని కలరు. వారి తలంపు చట్టమునకు విరుద్ధము. ఆ సంగతి వారెరుగనిది కాదు. ఎరిగియు జంకకుండుటకు కారణ మొక్కటే. ఫిర్యాదు చేసినవారిని పీడించుట ఎంత సులభమో వారికి బాగుగా తెలియును.

మేము నేడు వ్రాయదలచినది ఈ రెండవ పీడనను గూర్చియే. పనిచేయుచోట వేధింపు ఒక అన్యాయము. స్త్రీ యనియు, ఫలాన కులమువా డనియు, ఫలాన మతమువా డనియు, అంగవైకల్యము కలవా డనియు తక్కువగా చూచుట దాని తోబుట్టువు. ఈ రెంటిని గూర్చి నోరు విప్పినందుకు జరుగు కక్షసాధింపు మూడవది. మొదటి రెంటిని గూర్చి మన శాసనములు కొంతవరకైనను మాటాడుచున్నవి. మూడవదానియెడ మాత్రము నీళ్లు నములుచున్నవి. ఈ మూడవదానిని అరికట్టనంతకాలము తక్కిన రెంటికై చేసిన చట్టములు అటకపై దాచిన ఆయుధములే యగును.

కక్షసాధింపు ఎట్లు జరుగునో కొలువు చేసినవారికెల్లరకును అనుభవమే. ఫిర్యాదు పెట్టిన మరునాడే ఎవరును కర్ర పట్టుకొని రారు. మొదట పలకరింపులు తగ్గును. నిన్నటివరకు 'అమ్మా' యని పిలిచిన గుమాస్తా నేడు తలవంచుకొని పోవును. తరువాత ఒక మెమో వచ్చును. పది నిమిషములు ఆలస్యముగా వచ్చితివి, సంజాయిషీ యిమ్మని. పదేండ్లుగా మంచి మాటలే వ్రాసియున్న సంవత్సరపు నివేదికలో ఆ యేడు 'సాధారణము' అను మాట చేరును. ఆ వెనుక 'పరిపాలనా సౌలభ్యము కొరకు' బదిలీ. కాంట్రాక్టు ఉద్యోగియైనచో ఇంత శ్రమయు నక్కరలేదు. గడువు తీరిన దినమున కాగితము పొడిగింపకున్న చాలును. ప్రైవేటు కంపెనీలో రాజీనామా స్వచ్ఛందముగా నిచ్చినట్లు వ్రాయించుకొని, అనుభవపత్రమును బిగబట్టుట కలదు. ఈ కాగితములలో ఏ యొక్కదానియందును వేధింపు అను మాట యుండదు. అన్నియు నియమావళి ప్రకారమే నడచినట్లుండును. చూచినవారు నిజమే కాబోలు ననుకొందురు. చూడబోవువారు, అనగా రేపు ఫిర్యాదు చేయదలచినవారు, పాఠము నేర్చుకొని నోరు కుట్టుకొందురు. కక్షసాధింపు యొక్క అసలు ప్రయోజన మిదియే.

ఇది నిన్న మొన్న పుట్టిన రోగము కాదు. 1918 ఏప్రిలు నెలలో మద్రాసునగరమున బి. పి. వాడియా మొదలగువారు మద్రాసు లేబరు యూనియనును స్థాపించిరి. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కార్మికులు అందు పెద్దసంఖ్యలో చేరిరి. కొలదికాలమునకే యజమానులకును కార్మికులకును పేచీ వచ్చెను. మిల్లువారు వాడియాపైనను, సంఘనాయకులపైనను హైకోర్టున దావా తెచ్చి ఇంజంక్షను పొందిరి. కార్మికులను పని మానుడని ప్రోత్సహించుట ఒప్పందమును భంగపరచుటకు ప్రేరేపించుటయే యని వారి వాదము. కష్టము చెప్పుకొనుటకు సంఘముగా కూడుటయే నేరమైన ఆ స్థితినుండి 1926 కార్మిక సంఘముల చట్టము పుట్టెను. ఆ చట్టము సంఘములకు, వాని నాయకులకు ఇట్టి దావాలనుండి రక్షణ కల్పించెను.

అటుపిమ్మట 1947 పారిశ్రామిక వివాదముల చట్టము మరియొక అడుగు వేసెను. వివాదము విచారణలో నుండగా ఆ వివాదముతో సంబంధించిన విషయములలో కార్మికుని నిబంధనలను అతనికి నష్టము కలుగునట్లు మార్చరాదని శాసించెను. 1982 సవరణ ద్వారా అన్యాయ కార్మిక పద్ధతుల పట్టిక యొకటి దానికి చేరెను. ఆ పట్టికను మా పాఠకులు ఒకమారు చదువవలయునని మా కోరిక. యాజమాన్య విధానమను మిషతో దురుద్దేశపూర్వకముగా కార్మికుని ఒకచోటనుండి మరియొకచోటికి బదిలీ చేయుట అందొకటి. పారిశ్రామిక వివాద విచారణలో యజమానిపై ఆరోపణ చేసినందుకో, సాక్ష్యము చెప్పినందుకో కార్మికుని తొలగించుట, అతనియెడ పక్షపాతము చూపుట మరియొకటి. అనగా కక్షసాధింపును పేరుపెట్టి పిలిచి, ఇది చేయరాదని శాసనము చెప్పగలదని అప్పుడే తేలినది. 2025 నవంబరు 21వ తేదినుండి ఆ చట్టమునకు బదులుగా 2020 పారిశ్రామిక సంబంధముల స్మృతి అమలులోనికి వచ్చెను. ఆ పట్టికయు ఈ స్మృతిలోనికి చేరెను.

అయినచో ఇక చింత యేమని కొందరు అడుగవచ్చును. చింత యిది. ఆ రక్షణ 'కార్మికుడు' అను నిర్వచనములో ఇమిడినవారికే దొరకును. మేనేజరు పని చేయువారు అందు చేరరు. పర్యవేక్షకులుగా నుండి నెలకు 18,000 రూపాయలకు మించి జీతము పొందువారును చేరరు. ఈ దినములలో 18,000 రూపాయల జీతము దొరతనమా? పట్టణములో ఇంటి అద్దె, బియ్యము, పిల్లల బడి జీతము పోగా ఏమి మిగులునో లెక్కవేసికొనవచ్చును. పేరునకు సూపర్వైజరు అని బిరుదిచ్చి, ఆ బిరుదుతోడనే రక్షణను లాగికొనుట జరుగుచున్నది. పైగా ఈ పట్టిక పారిశ్రామిక వివాదమునకు సంబంధించినది. పై అధికారి చెడుచూపు చూచినాడనియు, అసహ్యపు మాట లాడినాడనియు ఒక స్త్రీ చేయు ఫిర్యాదు దానిలో సులభముగా ఒదుగదు.

స్త్రీల విషయమై మన దేశములో చట్టము వచ్చిన విధమును మరువరాదు. రాజస్థానములో భటేరీ యను గ్రామమున భన్వారీ దేవి యను నామె ప్రభుత్వపు మహిళాభివృద్ధి కార్యక్రమములో గ్రామసేవకురాలు. బాల్యవివాహములను మాన్పించుట ఆమె ఉద్యోగధర్మములలో నొకటి. 1992లో ఆమె ఒక పసికందు పెండ్లిని ఆపజూచెను. అందుకు ప్రతిగా ఊరివారు ఆమెను వెలివేసిరి. ఆ సెప్టెంబరులో ఆమెపై సామూహిక అత్యాచారము జరిగెను. ఆమె చేసిన తప్పేమి? ప్రభుత్వము అప్పగించిన పనిని ఆమె చేసెను. అట్టి పని చేయించిన ప్రభుత్వము ఆమెకు రక్ష కాలేకపోయెను. 1995లో విచారణ న్యాయస్థానము అత్యాచారాభియోగమునుండి ముద్దాయిలను విడిచిపెట్టెను.

ఆ యన్యాయమును చూచి కదలిన మహిళాసంఘములు సుప్రీంకోర్టు తలుపు తట్టినవి. 1997 ఆగస్టు 13వ తేదిన ప్రధాన న్యాయమూర్తి జె. ఎస్. వర్మ అధ్యక్షతను ముగ్గురు న్యాయమూర్తులు విశాఖ తీర్పునిచ్చిరి. పనిచేయుచోట స్త్రీని లైంగికముగా వేధించుట రాజ్యాంగములోని 14, 15, 19, 21 అధికరణములు ప్రసాదించిన సమత్వమునకును, వృత్తి స్వాతంత్ర్యమునకును, గౌరవముతో జీవించు హక్కునకును భంగకరమని తేల్చిరి. శాసనము లేనిచోట తామే మార్గసూత్రములను ఏర్పరచిరి. ఆ సూత్రములలో ఒకటి మేము ఎత్తిచూపవలసియున్నది. ఫిర్యాదు చేసిన స్త్రీకిగాని, సాక్ష్యము చెప్పినవారికిగాని ఆ కారణముచేత పీడయు, పక్షపాతమును కలుగకుండ యజమాని చూడవలయునని న్యాయమూర్తులు స్పష్టముగా చెప్పిరి.

పార్లమెంటు చట్టము చేయుటకు ఆ తరువాత పదునారేండ్లు పట్టెను. 2013 చట్టము అదే యేడు డిసెంబరు 9న అమలులోనికి వచ్చెను. అది మంచి చట్టమే. పదిమందియు, అంతకు మించియు పనిచేయు ప్రతి సంస్థయందును అంతర్గత సంఘ ముండవలయును. పై హోదాలోనున్న స్త్రీ దానికి అధ్యక్షురాలు కావలయును. సభ్యులలో సగమునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలయును. వెలుపలినుండి ఒకరు, స్వచ్ఛంద సేవలోనో, ఈ విషయములోనో అనుభవము కలవారు, ఉండితీరవలయును. ఫిర్యాదును మూడు నెలలలోపల వ్రాతపూర్వకముగా నీయవలయును. తగిన కారణమున్నచో సంఘము మరి మూడు నెలలు పొడిగింపవచ్చును. వ్రాయలేనివారికి సంఘమువారే వ్రాయుటకు సాయపడవలయును. విచారణ తొంబది దినములలో ముగియవలయును. నివేదిక చేతికందిన అరువది దినములలో యజమాని చర్య తీసికొనవలయును. విచారణ సాగుచుండగా ఆమె కోరినచో ఆమెనుగాని ఎదిరినిగాని వేరుచోటికి మార్చుటకును, ఆమెకు మూడు నెలలవరకు అదనపు సెలవిచ్చుటకును సంఘము సిఫారసు చేయవచ్చును. ఆమె కోరనిదే రాజీ మాట ఎత్తరాదు. ఎత్తినను డబ్బిచ్చి రాజీచేయుట కూడదు. పేర్లు బయటపెట్టరాదు. సంఘమే పెట్టని యజమానికి 50,000 రూపాయలవరకు జుల్మానా. మరల తప్పుచేసిన రెట్టింపు, లైసెన్సు రద్దు కూడ. ఇదిగాక నేరవిచారణ కోరవలెనన్న, 2024 జులైలో అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయందు లైంగిక వేధింపు శిక్షార్హమగు నేరము.

ఇన్ని నియమములు వ్రాసిన శాసనకర్తలు ఫిర్యాదీపై జరుగు కక్షసాధింపునకు ప్రత్యేకముగా శిక్ష విధించు ప్రకరణ మొక్కటియు వ్రాయలేదు. ఉద్యోగమునకు చేటు చేతుమని బెదరించుటను, పనిచేయు వాతావరణమును భయంకర మొనర్చుటను వేధింపు క్రింద చేర్చిరి, అది నిజమే. కాని అవి వేధించువాని చేష్టతో ముడివడియుండవలయును. వేధించినవాడొకడై, ఫిర్యాదు తరువాత బదిలీ ఉత్తరువు వేసినవాడు మరియొకడైనచో ఏమి? 1997లో న్యాయమూర్తులు చెప్పిన మాట 2013లో శాసనకర్తల కలమునుండి జారిపోయినది.

ఈ లోపము ఊహాజనితము కాదు. రెండు తీర్పులను పోల్చిచూచిన స్పష్టపడును. ఇందూరు నగరమున ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో చీఫ్ మేనేజరుగా నున్న స్త్రీ, బ్యాంకు వ్యవహారములలోని అక్రమములను గూర్చియు, తనపై జరిగిన వేధింపును గూర్చియు పై అధికారులకు వ్రాసెను. 2017 డిసెంబరులో ఆమెను జబ్బలుపురము జిల్లాలోని ఒక చిన్న శాఖకు, తన హోదాకు తగని చోటికి, బదిలీచేసిరి. ఆమె హైకోర్టునకు పోయెను. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బదిలీ కక్షసాధింపేయని నిర్ణయించి, ఆమెను మరల ఇందూరునకు తెచ్చి ఒక యేడు ఉంచవలయునని ఉత్తరువు చేసి, 50,000 రూపాయల ఖర్చులు ఇప్పించెను. అంతర్గత సంఘములో వెలుపలి సభ్యురాలుగా కూర్చున్నవారు ఆ బ్యాంకునకే వకీలుగా నుండుటను కూడ న్యాయమూర్తులు తప్పుపట్టిరి. ఇది సంతోషింపదగిన తీర్పు. అయినను తలచుకొనుడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగమున నున్న చదువుకొన్న స్త్రీకి ఈ మేలు కలుగుటకు రెండేండ్లకు పైగా పట్టెను. దేశములోని అత్యున్నత న్యాయస్థానమువరకు పోవలసివచ్చెను. యజమాని ప్రభుత్వరంగపు బ్యాంకు గనుక రిట్టు దారి దొరికినది. ప్రైవేటు కంపెనీలోని ఉద్యోగినికి ఆ దారి సాధారణముగా దొరకదు.

రెండవ తీర్పు 2025 సెప్టెంబరులోనిది. పశ్చిమ బెంగాలులోని ఒక విశ్వవిద్యాలయమున ఆచార్యపదవియందున్న స్త్రీ ఆ విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షునిపై ఫిర్యాదు చేసెను. ఆమె చెప్పిన చివరి సంఘటన 2023 ఏప్రిలునాటిది. ఫిర్యాదు డిసెంబరులో పెట్టెను. నడుమ ఆగస్టులో ఆమెను ఒక కేంద్రపు డైరెక్టరు పదవినుండి తొలగించిరి. ఇదియు వేధింపునకు కొనసాగింపేయని ఆమె వాదము. సుప్రీంకోర్టు ఆ తొలగింపును వేరు పరిపాలనా చర్యగా నెంచి, ఫిర్యాదు గడువు దాటినదని త్రోసిపుచ్చెను. అయినను ఈ తీర్పు సంగతి ఆ ఉపాధ్యక్షుని యోగ్యతాపత్రమున చేర్చబడవలయునని ఆదేశించెను. న్యాయమూర్తులను మేము తప్పుపట్టుట లేదు. చట్టములోనున్న గడువును వారు పెంచజాలరు. చట్టములో లేని ప్రకరణమును వారు వ్రాయజాలరు. ఆ పని పార్లమెంటుది.

మూడు నెలల గడువెంత అన్యాయమో ఆలోచింపవలయును. అధికారము చెలాయించువానిపై వ్రాయుటకు ఉద్యోగిని మొదట తన్ను తాను ఒప్పించుకొనవలయును, పిమ్మట ఇంటివారిని. మన యిండ్లలో ఆడుబిడ్డ ఇట్టి మాట చెప్పినచో మొట్టమొదట వచ్చు సలహా యేది? 'ఎందుకమ్మా ఈ గొడవ, ఊరుకో, పరువు పోవును' అని కాదా? పరువు ఎవరిది పోవలెనో వారిది పోక, బాధపడినవారిది పోవునను భయ ముండుటయే మన సంఘమున కొక మచ్చ. అప్పు పత్రముమీద దావా వేయుటకు మూడేండ్లిచ్చిన దేశము మానభంగకరమగు అవమానమును చెప్పుకొనుటకు మూడు నెలలిచ్చుట ఏ తూకమో మాకు బోధపడకున్నది.

పక్షపాతము విషయమును కూడ ఇందు చెప్పవలయును. రాజ్యాంగములోని 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో మతము, జాతి, కులము, లింగము, పుట్టుక మొదలగు కారణములచేత భేదము చూపరాదన్నది. అయినను ప్రభుత్వమే ఆ మాటను ఎంతకాలము పెడచెవిని పెట్టెనో చూడుడు. 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన తొలి స్త్రీ సి. బి. ముత్తమ్మ. ఆ సర్వీసులోని స్త్రీ వివాహమాడదలచిన ప్రభుత్వపు అనుమతి పొందవలయునని నియమముండెను, పురుషునకు లేదు. తనకు పదోన్నతి నిరాకరింపబడెనని ముత్తమ్మ సుప్రీంకోర్టున కెక్కగా, వ్యాజ్యము నడుచుచుండగానే ప్రభుత్వము పదోన్నతి నిచ్చెను. 1979లో న్యాయమూర్తి కృష్ణయ్యరు ఆ నియమములను తీవ్రముగా విమర్శించి, వానిని సంస్కరింపుమని హితవు చెప్పెను. ఎయిరిండియా విమానములలో పరిచారిక మొదటిసారి గర్భవతి యైనంతనే ఉద్యోగము వీడవలయునను నియమము 1981వరకు నడచెను. ఆ యేడు సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. నాలుగేండ్లవరకు పెండ్లి చేసికొనరాదను నియమమును మాత్రము ఆనాడు నిలిపిరి. 1987లో ఒక ఓడల కంపెనీ స్త్రీ స్టెనోగ్రాఫరులకు పురుషులకంటె తక్కువ జీతమిచ్చుట చెల్లదని ఆ న్యాయస్థానమే తీర్మానించెను. ఈ మూడు సందర్భములలోను హక్కు కాగితముమీద అంతకు ముందే కలదు. ఒక మనిషి నిలబడి అడిగినప్పుడే అది ప్రాణము పోసికొన్నది.

నేడు 2019 వేతన స్మృతి జీతములోను, నియామకములోను స్త్రీపురుష భేదమును నిషేధించుచున్నది. షెడ్యూల్డు కులములు, తెగలవారిపై జరుగు దౌర్జన్యములకు 1989 చట్టము కలదు. వికలాంగులకు 2016 చట్టము కలదు. కాని ప్రైవేటు యజమాని కులమునో మతమునో చూచి ఉద్యోగము నిరాకరించినప్పుడు పట్టుకొనుటకు సమగ్రమైన శాసన మొక్కటియు మనకు లేదు. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరకు 'మీరెవరు' అని యడిగి తరువాత ముఖము మార్చు మర్యాదను మన తెలుగువారికి వేరుగా వర్ణింపనక్కరలేదు.

ఈ సందర్భమున ఒక ఆక్షేపణ వినబడుచున్నది. ఇట్టి చట్టము లున్నచో తప్పుడు ఫిర్యాదులతో పెద్దమనుష్యులను అల్లరిపెట్టుదురని కొందరందురు. దురుద్దేశముతో అబద్ధపు ఫిర్యాదు చేసినవారిపై చర్య తీసికొనవచ్చునని 2013 చట్టమే చెప్పుచున్నది. కాని రుజువు చేయలేకపోయినంత మాత్రమున ఫిర్యాదు అబద్ధము కాదనియు ఆ చట్టమే చెప్పుచున్నది. తలుపు వేసిన గదిలో జరిగినదానికి సాక్షులను తెమ్మనుట తేలిక. దొంగతనపు ఫిర్యాదులలో అబద్ధపువి యుండునని దొంగతనమునకు శిక్ష తీసివేయుదమా? నిర్దోషికి రక్షణ న్యాయమైన విచారణయందున్నది. ఫిర్యాదీ నోరు మూయుటయందు లేదు. పురుషులును, తదితరులును వేధింపు పాలగుట నిజమే. అట్లే లైంగికము కాని తిట్లు, నలుగురిలో అవమానములు, రాత్రింబవళ్లు పనిచేయుమను నిర్బంధములు ఎల్లరకును కలవు. 2013 చట్టము స్త్రీలకే పరిమితము. తక్కినవారి బాధకు విడిగా శాసనము కావలయునని మేము నొక్కిచెప్పుచున్నాము. ఒకరికి గొడుగు చాలదని మరియొకరి గొడుగు లాగుట న్యాయము కాదు.

అమలు సంగతి మరియు శోచనీయము. 2023 మే నెలలో సుప్రీంకోర్టు ఈ చట్టపు అమలులోని లోపములను పరిశీలించుచు, ముప్పది జాతీయ క్రీడా సమాఖ్యలలో పదునారింటియందు అంతర్గత సంఘమే లేదను పత్రికావార్తను తన తీర్పులో ఎత్తిచూపెను. ఆ తీర్పు చెప్పిన ఇరువురిలో న్యాయమూర్తి హిమా కోహ్లీ యొకరు. వారు తెలంగాణా హైకోర్టునకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా నుండినవారు. చట్టము వచ్చి పదేండ్లు కావచ్చిన తరువాతి మాట ఇది. 2024 డిసెంబరులో న్యాయస్థానము మరల కల్పించుకొని, జిల్లా జిల్లాకు అధికారిని నియమింపుడనియు, స్థానిక సంఘములను ఏర్పరుపుడనియు గడువులు పెట్టవలసివచ్చెను. చట్టము చెప్పిన పనినే చేయుమని న్యాయస్థానము పదే పదే చెప్పవలసివచ్చుట ప్రభుత్వములకు గౌరవము కాదు.

స్థానిక సంఘ మనగా నేమో మా పాఠకులలో ఎందరెరుగుదురు? పదిమందికంటె తక్కువ పనిచేయు చోట్లకును, యజమానిమీదనే ఫిర్యాదు చేయవలసినచోట్లకును జిల్లాలో ఏర్పడవలసిన సంఘ మది. ఇంటిపని చేయు స్త్రీకి కూడ అదే దిక్కు. గుంటూరు మిరపకాయల కొట్లలో తొడిమలు తీయు స్త్రీ, నిజామాబాదులో బీడీలు చుట్టు స్త్రీ, పలాసలో జీడిపప్పు ఒలుచు స్త్రీ, హైదరాబాదు మేడలలో అంట్లు తోము స్త్రీ, వీరిలో ఏ యొక్కరైనను ఆ సంఘపు పేరు విన్నదా? విన్నను ఏ వీధిలోనున్నదో ఎరుగునా? చిరునామా తెలియని న్యాయస్థానము లేని న్యాయస్థానముతో సమానము.

కావున మేము కోరునవి స్పష్టముగా చెప్పుచున్నాము. మొదటిది: ఫిర్యాదు చేసినవారిమీదగాని, సాక్ష్యము చెప్పినవారిమీదగాని ఒక సంవత్సరములోపల జరుగు బదిలీ, తొలగింపు, హోదా తగ్గింపు, కాంట్రాక్టు నిలుపుదల, ఇవి కక్షసాధింపులేయని మొదట భావించి, కావని ఋజువుచేయు భారమును యజమానిమీద పెట్టు ప్రకరణమును 2013 చట్టమునకు చేర్చవలయును. ఇది విపరీతపు కోరిక కాదు. ప్రసూతి సెలవులో నున్న స్త్రీని ఆ కారణముచేత తొలగించుటయు, ఆమె నిబంధనలను నష్టకరముగా మార్చుటయు చెల్లదని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమే శాసించెను. పురిటిలో నున్నవారికి ఇచ్చిన అభయమును న్యాయముకొరకు నిలిచినవారికి ఏల ఈయరాదు? రెండవది: మూడు నెలల గడువును ఏడాదికి పెంచవలయును. మూడవది: వెలుపలి సభ్యుని యజమాని కాక జిల్లా అధికారి నియమింపవలయును. తిండి పెట్టినవానిపై తీర్పు చెప్పుట ఎంతటివారికిని కష్టము. నాలుగవది: స్థానిక సంఘపు సభ్యుల పేర్లు, చోటు, పనివేళలు తెలుగులో వ్రాసి ప్రతి మండల కార్యాలయమునందును, బస్సు స్టేషనునందును, ఆసుపత్రియందును అంటింపవలయును. ఐదవది: పర్యవేక్షకు డనియు, మేనేజరనియు పేరు పెట్టినంతమాత్రమున కక్షసాధింపునుండి రక్షణ పోరాదు.

చట్టము మారువరకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ఇప్పుడున్న చట్టముతోనే చేయదగినది చాల కలదు. బాధపడినవారు జరిగిన దినము, వేళ, చోటు, అన్న మాట, విన్నవారి పేరు ఆనాడే వ్రాసి యుంచుకొనవలయును. ఫిర్యాదును నోటితో చెప్పి ఊరుకొనక కాగితముమీద పెట్టి, నకలుపై అందినట్లు సంతకము తీసికొనవలయును. మూడు నెలలు దాటనీయరాదు. ఫిర్యాదు తరువాత వచ్చిన ప్రతి మెమోను, ప్రతి ఉత్తరువును భద్రపరచవలయును. 2020 తీర్పులో బదిలీ వెనుకనున్న కక్ష ఇట్టి కాగితముల వరుసనుండియే బయటపడెను. పనినుండి తొలగింపబడిన కార్మికుడు రెండేండ్లలోపల ట్రిబ్యునలు నాశ్రయింపవలయునని మరువరాదు.

ఇక బాధపడనివారి మాట. కచేరీలో ఒకరిపై కక్ష సాగుచుండగా తక్కినవారందరు తలలు వంచుకొని ఫైళ్లు చూచుకొనుటచేతనే అది సాగుచున్నది. సాక్ష్యము చెప్పువాడొకడు లేచినచో వానిని అణచగలరు. ఐదుగురు లేచినచో అణచుట కష్టము. పదిమంది లేచినచో అణచువాడే ఆలోచనలో పడును. 1918లో మద్రాసు మిల్లు కూలీలు, చదువు లేనివారు, రెక్కాడినగాని డొక్కాడనివారు, ఈ సంగతిని గ్రహించిరి. పట్టాలు పుచ్చుకొన్న మన గుమాస్తాలును, ఉపాధ్యాయులును, ఇంజనీరులును గ్రహింపజాలరా?

ప్రతి పఠనమందిరమునందును 2013 చట్టపు తెలుగు ప్రతి యొకటి బల్లపై నుండవలయును. వారమునకొక సాయంకాలము ఒకరు చదువగా పదిమంది వినవచ్చును. విన్నవారు ఇంటికిపోయి భార్యలకు, అక్కచెల్లెండ్రకు, కుమార్తెలకు చెప్పవచ్చును. ఆ పైని, ఏనాడైనను ఆ బిడ్డ పనినుండి వచ్చి, కంట తడితో ఒక మాట చెప్పబోయినప్పుడు 'ఊరుకో' యనక, 'వ్రాయుము, నేను నీ వెంట వచ్చెదను' అని యనవలయును. ఈ యొక్క మాట చెప్పుటకు పార్లమెంటు సవరణ అక్కరలేదు.